జీడితోట మలుపు దాటని జీపు

మా మావ పెద్దకార్యానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన మేఘాల మధ్య కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాడు. చూసినవాళ్ళంతా దీవిస్తున్నాడనుకున్నారు. ఒకావిడ చెప్పులు విప్పి దణ్ణం కూడా పెట్టుకుంది. నిజానికి అది జీపు స్టీరింగు పట్టుకుని ఉండగా నేను తీసిన ఫోటో. ఫ్లెక్సీ కొట్టినవాడు జీపుని కత్తిరించి, మేఘాలు అతికించి, చేతుల్ని మాత్రం ఏం చెయ్యాలో తోచక వదిలేశాడు. బతికున్నన్నాళ్ళూ ఎవరైనా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే “లెగు లెగు, కాళ్ళకి ఇసకున్నాది” అని తప్పుకున్న మనిషి, పోయాక జంక్షన్లో వేలాడుతూ ఊరందరినీ దీవిస్తున్నాడు.

భోజనాల దగ్గర ఒకాయన లేచి “సముద్రమంత మనిషి” అన్నాడు. మావ పొట్టివాడు. బండి తోలేటప్పుడు రోడ్డు కనిపించడానికి కింద దిండు వేసుకునేవాడు. సముద్రంతో పోలిక ఏమైనా ఉందంటే, ఇద్దరికీ ఎదటివాడి మాట వినే అలవాటు లేదు.

ఆయన మా అమ్మకి వరసకి అన్న. ఇటు జీడితోటలు, అటు సముద్రం ఉన్న ఉద్దానం ఊరు మాది. వయసులో ఉండగా నావలకి పూత పెట్టేవాడు. చెక్కకీ చెక్కకీ మధ్య సందులో పీచు కుక్కి, పైన పూత పూసి, నీరు లోపలికి రాకుండా చెయ్యడం. ఫైబరు బోట్లు వచ్చాక ఆ పని పోయింది. అప్పుడొక పాత పెట్రోలు జీపు కొని, ఒడ్డున చేప ఎత్తుకుని పాతపట్నం దాకా సంతలకి తోలాడు. జీపు ఎన్నేళ్ళు తోలినా మనిషిలో మొదటి పనే ఉండిపోయింది. ఏ వస్తువు చూసినా ముందు వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గేవాడు. తలుపు, కొబ్బరికాయ, కొత్త కుండ, ఏదైనా సరే. నా కొత్త హెల్మెట్టు మాత్రం తల మీద ఉండగానే కొట్టాడు. విని, “లోన కాళీగున్నాది” అన్నాడు.

ఎక్కడ ఏం చెడినా ఆయనది ఒకటే మాట: “ఏటీ, ములిగిపోతామేటి?” కరెంటు పోయినా అదే, కుదిరిన సంబంధం తప్పిపోయినా అదే. నేల మీద ఉన్నంతకాలం మునిగేది లేదు కాబట్టి ఏదీ పెద్ద కష్టం కాదని ఆయన లెక్క. ఆ లెక్కని కిడ్నీలు తప్పించాయి.

మా వైపు కిడ్నీ జబ్బంటే ఎవరూ ఉలిక్కిపడరు. “మీ ఇంట్లో ఎవరికి?” అని అడుగుతారు, ఏ ఊరు మీది అన్నంత మామూలుగా. మావకి ఖాయమైన రోజున అత్త ఏడవలేదు. గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చుని, “మన వంతు వచ్చినాది” అంది, రేషను వరసలో నిలబడ్డట్టు. ఇక వారానికి మూడుసార్లు టౌనుకెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. రోజంతటికీ తాగాల్సిన నీళ్ళు ఒక చిన్న సీసాలో కొలిచి పెట్టుకోవాలి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడికి సీసాతో నీళ్ళు. ఈ వెటకారం ఎవరు చేశారో గానీ నాకంటే బాగా చేశారు.

దాహం వేస్తే ఐసు ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. నేను చేసేది రొయ్యల ఐసు ఫ్యాక్టరీలో, కంప్రెసర్లు చూసుకునే పని. నన్ను అక్కణ్ణించి ఐసు తెమ్మన్నాడు. రొయ్యలకి వేసేది మనుషులు తినకూడదని చెప్పాను.

“రొయ్యకి నేని రోగం నాకేటొస్తాదిరా?”

అందుకని మా ఇంటి ఫ్రిజ్‌లో మంచినీళ్ళతో చేసి, ఫ్యాక్టరీదని చెప్పి ఇచ్చేవాణ్ణి. ఇంటి ఐసుకి రుచి ఉండదని ఆయన గట్టి నమ్మకం. నోట్లో ఆ ముక్కతోనే మాట్లాడేవాడు. అందువల్ల తిట్టినా చల్లగానే ఉండేది.

చుట్టుపక్కల ఊళ్ళ పేషెంట్లని ఎక్కించుకుని టౌనుకి ఒక వ్యాను వెళ్ళేది. డ్రైవరు మంచివాడు. దిగలేనివాళ్ళని చంకల కింద చేతులు వేసి, పాపం జాగ్రత్తగా దింపేవాడు. ఆ జాగ్రత్తే మావకి గిట్టలేదు.

“సేపల బుట్టల్లాగ ఎత్తుతన్నారు, దించుతన్నారు. నాను బుట్టలెత్తినోణ్ణిరా. బుట్టని ఎప్పుడూ అవనేదు.”

“బుట్టకైతే సంతలో రేటు పలుకుతుంది మావా. నిన్నెవరు కొంటారు?”

నవ్వలేదు. ఐసు ముక్కని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకున్నాడు. “అల్లుడూ, బండి బయటికి తీద్దాం. నా బండి మీద నానే తోలుకుని యెల్తాను. వచ్చీటప్పుడు ఎవుడు మోసుకొచ్చినా నాకు పర్నేదు. యెల్లీది మాత్రం నానే యెల్లాల.”

అత్త లోపల్నించి అందుకుంది. “సూపు ఆనదు, సెయ్యి వణుకుతాది, బండి తోల్తాడంట.”

“వణికితే మంచిదేనే. గేరు దానంతటదే పడతాది.”

చెయ్యి సంగతి వేళాకోళం కాదు. సూదులు గుచ్చడానికి ఎడమ చేతి నరం ఉబ్బేలా ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. జీపులో గేరు మార్చాల్సింది ఆ చేత్తోనే. ఆ సంగతి నేను డాక్టర్ని అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో తెలుసు కాబట్టి.

జీపు వాళ్ళ జీడితోటలో తాటాకు పాక కింద ఏళ్ళ తరబడి ఉంది. ఉప్పుగాలికి అడుగు రేకు జల్లెడైంది. డ్రైవరు సీటు మీద కోడి పొదుగుతోంది. గుడ్లు పిల్లలయ్యేదాకా పని మొదలెట్టనివ్వలేదు మావ. తరవాత బ్రేకులు, బ్యాటరీ, ప్లగ్గులు, వైర్లు. నాకు తెలిసిందల్లా కంప్రెసర్లే. జీపు సంగతులు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఎక్కడో ఎడారిలో ఒక తెల్లాయన ఏం విప్పితే, ఉద్దానంలో నేను అది విప్పేవాణ్ణి. ఆయన తిరిగి బిగించే భాగం దగ్గర ప్రతిసారీ నాకు నెట్ ఆగిపోయేది.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. తీసి కడుగుదామన్నాను.

“ట్యాంకు జోలికి యెల్లకు. బండి ఎత్తి పెట్టిన రోజే దాని పని సూసినాను. లోన తుప్పుంటే నన్నడుగు.”

మూత తీసి ఫోను లైటు కొట్టి చూశాను. నిజంగానే చుక్క తుప్పు లేదు. ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతోంది. బండి మొత్తం మీద ఉప్పుగాలికి చెడనిది అదొక్కటే. మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకుంటే ఆయన ముఖం పక్కకి తిప్పుకునేవాడు. ఆ రోజు తిప్పుకోలేదు.

ఇంజను అందుకున్నప్పుడు అత్త కళ్ళు తుడుచుకుంది. పొగ.

మావ దిండు వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన. ఊరు దాటి జీడితోట మలుపు దాకా వచ్చేసరికి బండి దగ్గింది, ఊగింది, ఆగింది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ అందుకుంది. ఎలాగో ఇల్లు చేరాం. మర్నాడు వ్యానులోనే వెళ్ళాడు.

కార్బరేటర్ విప్పితే, లోపల పెట్రోలు సన్నగా చిమ్మే కన్నాలన్నీ జిగురుతో పూడిపోయి ఉన్నాయి. బెల్లం పాకం రంగు. నిలవ ఉన్న పెట్రోలు అలా జిగురవుతుందని ఎడారి ఆయన చెప్పాడు. కడిగాను, కొత్త పెట్రోలు పోశాను. మలుపు దగ్గర ఆగింది. పంపు బలహీనమై ఉంటుందని అందులో రబ్బరు పొర మార్చాను. మలుపు. గొట్టాలన్నీ గాలి పెట్టి ఊదాను. మలుపు. ట్యాంకు మూతకి గాలి ఆడటం లేదేమోనని మూత తీసేసి, గుడ్డ కప్పి వెళ్ళాం. మలుపు దగ్గర గింజలు ఏరుకునే ఆడవాళ్ళు మమ్మల్ని చూడగానే పని ఆపి కూర్చునేవారు.

“బాబూ, ఇక్కడొక బస్టాపు కట్టించేయండి. నీడకన్నా ఉంటాది” అంది ఒకామె.

ప్రతిసారీ పెట్రోలు వడపోసే గాజు గిన్నెలో ఆ గోధుమ రంగు జిగురే. మావ వంగి చూసి, “నా పిల్టరూ పోయినాది, దీని పిల్టరూ పోయినాది. దీనికైతే కొత్తది కొంటాం” అన్నాడు. ఆ జోకు వారం రోజులుగా నా దగ్గర ఉంది. సమయం చూసి వేద్దామనుకుంటున్నాను. ఆయన నాకంటే ముందు వేశాడు. నేను గిన్నె తుడిచి మళ్ళీ బిగించాను.

ఒక మధ్యాహ్నం, ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోందేమో, పంపు మీద తడిగుడ్డ చుడితే చల్లబడుతుందేమో అన్నాను. మలుపు దగ్గర నీళ్ళు లేవు. మావ సీటు పక్కనున్న తన సీసా తీసి, గుడ్డ మీద మొత్తం పోసేశాడు.

“అది నీ రోజుది కదా మావా.”

“దానికీ దాహంగానే ఉన్నాదేమో. సూద్దాం.”

బండికి ఉపయోగపడలేదు. ఆయన సాయంత్రం దాకా ఐసు ముక్కతో గడిపాడు. నేను ఆ రోజు రెండు ముక్కలు తెచ్చాను. రెండోది వద్దన్నాడు. కొలత కొలతే.

అసలు సంగతి బయటపెట్టింది నేనూ కాదు, ఎడారి ఆయనా కాదు. గాజు గిన్నె తుడిచిన గుడ్డలు ఎండి, బిగుసుకుపోయి పెరట్లో పడి ఉంటే, ఒక ఉదయం చెత్తతో కలిపి కాల్చేశాను. తెల్లటి పొగ లేచింది. అత్త చేతిలో చాటతో బయటికి వచ్చింది.

“ఎవరు దూపం ఏసినారు? ఇవాళ ఏ వారం?”

“దూపం కాదత్తా. బండి గుడ్డలు.”

ఆవిడ మరోసారి ముక్కు ఎగబీల్చింది. నేనూ పీల్చాను. గుగ్గిలం. మా ఊళ్ళో ఆ వాసన ఉండేది రెండే చోట్ల, దేవుడి దగ్గరా, పాత నావల దగ్గరా. మా బండి ఆ రెంటిలో ఏదీ కాదు. అత్త చాట కింద పెట్టి, అరుగు మీద కూర్చున్న మావ వైపు చూసింది.

“ఏటయ్యా, ఆరోజు మనం పోసింది ఆ పూతేగదా?”

చెప్పింది అత్తే. సముద్రం మీదకి వెళ్ళని కాలంలో నావని ఒడ్డుకి లాగితే, నూనెలో గుగ్గిలం కాచి పూత పెట్టి గానీ నీడన పెట్టరు. అది నావకి చెయ్యాల్సిన మర్యాద. మావ జీపు తోలడం మానేసిన రోజున దానికీ ఆ మర్యాద చేశాడు. ట్యాంకు ఊడదీసి, ఖాళీ చేసి, వేడి పూత లోపల పోసి, అన్ని పక్కలా పట్టాలని ఇద్దరూ ఇసకలో అటూ ఇటూ దొర్లించారు.

“పిల్లోణ్ణి ఊపినట్టు ఊపినాం బాబూ. నా సేతులు బొబ్బలెక్కినాయి.”

వాళ్ళకి పిల్లలు లేరు.

“మావా, గుగ్గిలం నీళ్ళకి కరగదు. పెట్రోలుకి కరుగుతుంది” అన్నాను. “మనం పోసిన ప్రతి చుక్కా దాన్ని కరిగించుకుని వస్తోంది. మలుపు దాకా వచ్చేసరికి దారి మూసుకుపోతోంది.”

“సముద్రానికి కరగనేదు.”

“సముద్రంలో పెట్రోలు ఉండదు కదా.”

నవ్వుతాడనుకున్నాను. లేచి, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని బండి దగ్గరకి వెళ్ళాడు. సీటు ఎత్తి, ట్యాంకు మీద కణుపుతో రెండు దెబ్బలు కొట్టాడు. చాలాసేపు చెవి అక్కడే ఉంచాడు.

“అయితే ఇన్నాళ్ళూ దారికి అడ్డం ఎట్టుకున్నది నానేనా?”

నా దగ్గర ఉన్నవి జోకులే.

“ఒక్క నావ కూడా నా పూత యెలిసిందని వెనక్కి రానేదురా” అన్నాడు. నాతో కాదు, ట్యాంకుతో.

తరవాత రెండు వారాలు వ్యానులోనే వెళ్ళాడు. సణగలేదు. డ్రైవరు చంకల కింద చేతులు వేస్తే వేయించుకున్నాడు. బుట్ట అన్న మాట మానేశాడు. అత్త నన్ను పక్కకి పిలిచి, “ఆయన తిట్టట్నేదురా, నాకు బయమేస్తంది” అంది. ఒక రోజు ఐసు ముక్క తీసుకెళ్తే బుగ్గన పెట్టుకుని, మొహం చిట్లించి, “ఇది ఇంటిదేగదా?” అన్నాడు. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు. తెలిసినా ఊరుకున్నవాడు ఇప్పుడు ఊరుకోవడం మానేశాడంటే ప్రాణం కొంచెం లేచి వచ్చినట్టే. నేను అవునన్నాను.

“అబద్దాలు సెప్పడం నేర్సినావు గానీ బండి బాగుసెయ్యడం నేర్సనేదు. ట్యాంకు ఇప్పీ.”

విప్పాం. కడిగిన కొద్దీ పూత ఊడి వస్తూనే ఉంది, అయిపోవడం లేదు. అంత శ్రద్ధగా పెట్టాడు. ఇంకో ట్యాంకు కావాలి. లారీల ఊరు కదా అని సాలూరులో పాత సామాన్ల కొట్లకి చెప్పి వచ్చాను. దొరికితే ఫోను చేస్తామన్నారు. ఈలోగా జబ్బు ట్యాంకుదేనని రూఢి చేసుకోవడానికి, ఒక ప్లాస్టిక్ క్యానులో పెట్రోలు పోసి, ముందు అద్దం ఫ్రేముకి ఎత్తుగా కట్టి, సన్నటి గొట్టంతో నేరుగా కార్బరేటర్‌కి ఇచ్చాను. ఇలా చెయ్యడం ప్రమాదం. ఎవరూ చెయ్యొద్దు. మేం వారానికి మూడుసార్లు చేశాం.

మలుపు వచ్చింది. గింజలేరే ఆడవాళ్ళు అలవాటుగా లేచి నిలబడ్డారు. నేను క్యాను పట్టుకుని, కార్బరేటర్ పొంగి మంటలు లేవకుంటే చాలని చూస్తున్నాను. మావ ఏమైనా అంటాడేమోనని ఆయన వైపు చూశాను. గేరు మార్చాడు. అంతే. మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

హైవే ఎక్కేచోట కానిస్టేబులు ఆపాడు. వేలాడుతున్న క్యానునీ, గొట్టాన్నీ, దిండునీ, మావ ఎడమ చేతి కట్టునీ వరసగా చూశాడు.

“ఏటి తాతా ఇది?”

“సెలైను బాబూ. ఇద్దరికీ ఒంట్లో బాగోనేదు. డయాలసిస్‌కి యెల్తన్నాం.”

కానిస్టేబులు ఏదో అనబోయి, మావ మొహం చూసి, పక్కకి తప్పుకున్నాడు. అలా వెళ్ళిన మొదటి రోజున డయాలసిస్ సెంటరు ముందు బండి ఆపి, తాళం తిప్పి, కిందకి దిగి, ఎవరి చెయ్యీ లేకుండా నడుచుకుని లోపలికి వెళ్ళాడు. వ్యాను డ్రైవరు ఎదురొస్తే, “నీకొకడి బరువు తగ్గినాది” అన్నాడు.

నాలుగు గంటల తరవాత బయటికొచ్చే మనిషి వేరు, పిండి ఆరేసిన గుడ్డలా ఉండేవాడు. తిరుగు ప్రయాణంలో నేను తోలేవాణ్ణి. ఆయన పక్క సీటులో నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. బండి కుదుపులకి తల నా భుజం మీదకి జారేది. బరువుండేది కాదు.

ఇలా కొన్ని వారాలు గడిచాక సాలూరు నుంచి ఫోను వచ్చింది. ట్యాంకు తెచ్చాను. రంగు వేసి, లోపల ఏ పూతా లేదని ఫోను లైటు కొట్టి చూపించాను. మావ కణుపుతో కొట్టి విన్నాడు.

“బాగున్నాది. అక్కడెట్టు.”

“బిగించొద్దా?”

“ఇదే ఉండనీ” అన్నాడు క్యాను చూపిస్తూ. “ఎంతున్నాదో కళ్ళెదుట కనబడతన్నాది. నాకు అదొక్కటే ఎవుడూ సెప్పట్నేదు.”

క్యానులో సగం ఉంది. దాని మీద ఎండ పడి పెట్రోలు మెరుస్తోంది. తెచ్చిన ట్యాంకుని పాకలో ఒక మూల పెట్టాను.

ఆ తరవాత మనిషి తగ్గుతూ వచ్చాడు. దిండు మీద ఇంకో దిండు పడింది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఆయన క్లచ్ తొక్కి “ఊఁ” అనేవాడు, నేను చెయ్యి వేసేవాణ్ణి. నేను చెయ్యి వేస్తున్నట్టు ఇద్దరం ఒప్పుకోలేదు. అత్త మాత్రం గుమ్మంలో నిలబడి, “ఈ రోజుకి వ్యాను ఎక్కు” అని ప్రతిసారీ అనేది. ఆయన ప్రతిసారీ బండి ఎక్కేవాడు.

చివరి రోజూ అలాగే వెళ్ళాం. వానపట్టిన ఉదయం. వైపర్లు లేవు కాబట్టి నెమ్మదిగా తోలాడు. సెంటరు దగ్గర బండి గోడ పక్కన సరిగ్గా పడలేదని ఒకసారి వెనక్కి తీసి మళ్ళీ పెట్టాడు. తాళం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు. రెండో గంటలో గుండె ఆగిపోయిందన్నారు. వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. గాజు తలుపులోంచి నేను చూస్తూనే ఉన్నాను.

కాసేపటికి నర్సు కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

“ఈయన్ని తీసుకొచ్చింది ఎవరు?”

అక్కడున్నవాళ్ళంతా నన్నే చూశారు.

“ఎవరూ తీసుకురాలేదండి. ఆయనే తోలుకుని వచ్చారు.”

ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూసి, భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎవరినో పిలిచి మంచినీళ్ళు తెప్పించింది. నేను అదే మాట మళ్ళీ చెప్పాను, ఈసారి కొంచెం నెమ్మదిగా.

“సరే బాబూ, సరే” అంది. నా పేరు అడిగి రాసుకుంది.